ఏడో ఫ్రెట్ నుంచి హంగేరియన్ మైనర్

అందరికీ నమస్కారం. హంగేరియన్ మైనర్ అనే స్కేలును, అంటే ఒక స్వరాల వరుసను, గిటార్ మీద ఎలా సాధన చేయాలో చెప్పమన్నారు. గిటార్ తెచ్చుకున్నవాళ్లు చాలామందే కనబడుతున్నారు, సంతోషం. తేనివాళ్లు గొంతుతో అందుకోవచ్చు. నేరుగా తీగ మీదికే వెళ్దాం.

ఐదో తీగ తీసుకోండి. లావు తీగ పక్కనున్నది, ఎ స్వరానికి శ్రుతి చేసినది. మిగిలిన ఐదు తీగలనూ కాసేపు మరిచిపోండి. ముందు ఓపెన్ తీగ, అంటే ఎక్కడా నొక్కకుండా; తరువాత వరసగా 2, 3, 6, 7, 8, 11, 12 ఫ్రెట్లు, అంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉన్న లోహపు గీతలు. (వాయించి చూపారు.) మరోసారి, నెమ్మదిగా. ఎ, బి, సి, డి షార్ప్, ఇ, ఎఫ్, జి షార్ప్, పై ఎ. హంగేరియన్ మైనర్ అంటే ఇదే.

దీన్ని ఒకే తీగ మీద ఎందుకు మొదలుపెట్టానో చెబుతాను. పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ ఈ స్కేలును ఆరు తీగల మీద చుక్కలు పెట్టిన బొమ్మగా చూపిస్తారు. విద్యార్థి ఆ బొమ్మను వేళ్లతో బట్టీ పడతాడు. కొద్దిరోజులకే వేళ్లు పరుగెత్తుతాయి గానీ చెవి ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. ఏ స్వరానికీ ఏ స్వరానికీ మధ్య ఎంత దూరమో అడిగితే సమాధానం రాదు. ఒక తీగ మీద వాయిస్తే ఆ దూరం కంటికి కనబడుతుంది, చేతికి తెలుస్తుంది. గిటార్ మీద ఒక్కో ఫ్రెట్టు ఒక్కో అర్ధస్వరం కదా, లెక్క కూడా సులువు.

ఇప్పుడు ఆ అంకెలను మళ్లీ చూడండి. 2, 3 ఒక జంట. 6, 7, 8 ముగ్గురు పక్కపక్కనే. 11, 12 మరో జంట. ఈ గుంపుల నడుమ రెండు పెద్ద ఖాళీలు: 3 నుంచి 6కు, 8 నుంచి 11కు. ఒక్కొక్కటి మూడు అర్ధస్వరాలు. ఈ స్కేలు వినగానే మనసును లాగేసే గుణమంతా ఆ రెండు ఖాళీల్లోనూ, వాటి మధ్య ఇరుక్కుని కూర్చున్న మూడు స్వరాల్లోనూ ఉంది.

వేళ్ల సంగతి. 2, 3 ఫ్రెట్లకు చూపుడువేలు, మధ్యవేలు. అక్కడి నుంచి వేళ్లు చాచి ఆరో ఫ్రెట్టును అందుకోవాలని చూడకండి, చేతినే జరపండి. 6, 7, 8కు చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు. మళ్లీ చేయి జరిపి 11, 12కు చూపుడు, మధ్య. ఖాళీ వచ్చినప్పుడల్లా చేయి కదులుతుంది, గుంపు వచ్చినప్పుడల్లా చేయి నిలబడుతుంది. స్కేలు నిర్మాణం ఇలా చేతి కదలికలోకే దిగిపోతుంది. చాచి వాయించాలని పట్టుబట్టేవాళ్లకు ఒక కొలత చెబుతాను. 65 సెంటీమీటర్ల తీగ పొడవున్న గిటార్ మీద మూడో ఫ్రెట్టుకూ ఆరో ఫ్రెట్టుకూ మధ్య దూరం దాదాపు 87 మిల్లీమీటర్లు. అదే మూడు అర్ధస్వరాలు, ఎనిమిది నుంచి పదకొండుకు వెళ్లేటప్పుడు 65 మిల్లీమీటర్లే. కాబట్టి చూపుడువేలు, చిటికెనవేలుతో చాచడం నేర్చుకోవాలంటే పైనున్న ఖాళీతో మొదలుపెట్టండి. కింది ఖాళీని చిన్న చేతులున్న పిల్లల చేత చాచి వాయించమని బలవంతం చేయడం నాకు అస్సలు నచ్చదు. మణికట్టు నొప్పి తప్ప దానివల్ల వచ్చేదేమీ లేదు.

ఇక ఈ స్వరాల బంధుత్వాలు. ఎ హార్మోనిక్ మైనర్ అనే స్కేలు మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. అందులో నాలుగో స్వరం డి. దాన్ని ఒక్క ఫ్రెట్టు పైకి జరిపి డి షార్ప్ చేస్తే హంగేరియన్ మైనర్ వస్తుంది. మిగతా ఆరు స్వరాలూ అవే. ఎ మీద హార్మోనిక్ మైనర్ స్వరాలంటే మన కర్ణాటక సంగీతపు లెక్కలో కీరవాణి, 21వ మేళకర్త, అంటే మూల రాగాల పట్టికలో 21వది. శుద్ధ మధ్యమం (ఆ డి) తీసేసి ప్రతి మధ్యమం (డి షార్ప్) పెడితే ముప్ఫై ఆరు కలుపుకోవాలి. 57. (సభలో ఎవరో 'సింహేంద్రమధ్యమం' అన్నారు.) అవును, సింహేంద్రమధ్యమమే. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, ప్రతి మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. ఒక్క స్వరం కూడా తేడా లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఈ పోలిక చెప్పగానే చాలామంది ఉత్సాహంగా ఇంకో మాట కలుపుతారు: యూరప్‌లో ఉండే రోమా ప్రజల పూర్వీకులు భారతదేశం నుంచి వెళ్లినవారు కాబట్టి మన రాగాన్ని వాళ్లే హంగేరీకి మోసుకెళ్లారని. రోమా భాషకు భారతీయ భాషలతో చుట్టరికం ఉన్నమాట నిజమే, భాషాశాస్త్రం దాన్ని నిర్ధారించింది. కానీ స్వరాలు కలిసినంత మాత్రాన రాగం ప్రయాణం చేసినట్టు రుజువు కాదు. మేళకర్త పట్టికను గుర్తుచేసుకోండి. షడ్జ పంచమాలు కదలవు. మధ్యమాలు రెండు. రిషభ గాంధారాల జోడీలు ఆరు, ధైవత నిషాదాల జోడీలు ఆరు. రెండు ఆర్లు పన్నెండు, పన్నెండు ఆర్లు డెబ్బై రెండు. సాధ్యమైన కూర్పులన్నిటినీ ముందే లెక్కగట్టి పెట్టిన పట్టిక అది. ప్రపంచంలో ఏ మూల నుంచి ఒక స్కేలు వచ్చినా, ఏడు స్వరాలుండి అందులో పంచమం సరైన చోట ఉంటే, దానికి ఈ పట్టికలో ఒక గది దాదాపుగా సిద్ధంగా ఉంటుంది. ఆ పట్టికను అలా ఊహించగలగడమే మనవాళ్ల గొప్పతనం. దానికి లేని వలస కథ అతికించనక్కర్లేదు.

అయితే దీనికి హంగేరీ పేరు ఎందుకొచ్చింది? పద్దెనిమిదో శతాబ్దంలో హంగేరీలో సైన్యంలోకి యువకులను చేర్చుకోవడానికి ఊళ్లలో ఆటపాటలు ఏర్పాటు చేసేవారు. ఆ నాట్యాన్నీ ఆ సంగీతాన్నీ వెర్‌బుంకోష్ అంటారు. దాన్ని వాయించి పేరు తెచ్చుకున్నవాళ్లు ఎక్కువగా రోమా వాద్యబృందాలవాళ్లు. యానోష్ బిహారి అనే వయొలిన్ విద్వాంసుడు, 1764 నుంచి 1827 వరకు జీవించినవాడు, వాళ్లలో ప్రసిద్ధుడు. ఆ బాణీ సంగీతంలో మూడు అర్ధస్వరాల ఖాళీ ఉన్న స్కేళ్లు తరచుగా వినిపిస్తాయి. తరువాత స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ తన హంగేరియన్ రాప్సొడీలనే పియానో రచనలతో ఆ ధ్వనిని యూరప్ కచేరీ వేదికల మీదికి తెచ్చాడు. యూరప్ శ్రోతలకు హంగేరీ అంటే ఆ ధ్వనే అయింది. 1859లో లిస్ట్ ఈ సంగీతం రోమాలదేనని ఏకంగా పుస్తకమే రాశాడు. ఆ తరువాత హంగేరీ స్వరకర్తలు బేలా బార్తోక్, జోల్తాన్ కోదాయ్ 1905, 1906 ప్రాంతంలో పాటలను రికార్డు చేసే ఫోనోగ్రాఫు పట్టుకుని పల్లెలకు వెళ్లి రైతుల పాటలు సేకరించారు. వాళ్లకు దొరికిన అతి పాత పాటలు ఐదు స్వరాల స్కేళ్ల మీద నడిచేవి, ఈ స్కేలు మీద కాదు. పట్నాల్లో బృందాలు వాయించేది హంగేరీ పల్లె సంగీతం కాదని బార్తోక్ గట్టిగా వాదించాడు. 'హంగేరియన్ మైనర్' అన్న పేరు విని ఆ దేశపు సంగీతమంతా ఇదే అనుకోవద్దు. ఇది ఆ దేశ సంగీతంలో ఒక పాయ. ఆ పాయను నిలబెట్టింది, శతాబ్దాలపాటు చిన్నచూపుకు గురైన రోమా కళాకారులు. వాళ్లను తలుచుకోకుండా ఈ స్కేలు గురించి మాట్లాడటం నాకు అన్యాయమనిపిస్తుంది.

మళ్లీ గిటార్ దగ్గరికి వద్దాం. నేను ఈరోజు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇప్పుడు చెబుతున్నాను. ఈ స్కేలును ఎ నుంచి ఎ దాకా ఎక్కి దిగడం సాధన కాదు. దీని ప్రాణం పంచమంలో ఉంది. ఐదో తీగ మీద ఏడో ఫ్రెట్టు, ఇ స్వరం. సాధన అక్కడి నుంచి మొదలవ్వాలి.

ఏడో ఫ్రెట్టు మీద వేలు పెట్టండి. అక్కడి నుంచి ఒక ఫ్రెట్టు కిందికి, ఆరు. ఒక ఫ్రెట్టు పైకి, ఎనిమిది. రెండూ స్కేలులో ఉన్నాయి. ఆరు నుంచి ఇంకా మూడు కిందికి, మూడో ఫ్రెట్టు. ఎనిమిది నుంచి మూడు పైకి, పదకొండు. రెండూ ఉన్నాయి. మూడు నుంచి ఒకటి కిందికి, రెండు. పదకొండు నుంచి ఒకటి పైకి, పన్నెండు. ఇంకో రెండు చొప్పున వెళ్లండి: కింద ఓపెన్ తీగ, పైన పద్నాలుగు. అన్నీ స్కేలులోవే. (రెండు దిశల్లోనూ వాయించి చూపారు.) పంచమం తక్కెడ ముల్లులా మధ్యలో నిలబడితే, రెండు పళ్లేల్లోనూ సరిసమానమైన బరువు. షడ్జం నుంచి చూస్తే ఈ సమానత్వం కనబడదు. అటు రెండు ఫ్రెట్లు, ఇటు ఒకటి, అక్కడే లెక్క తప్పుతుంది.

అందుకే నా దగ్గరికి వచ్చే విద్యార్థులకు మొదట ఇచ్చే అభ్యాసం ఇదే. ఏడు, ఆరు, ఏడు. ఏడు, ఎనిమిది, ఏడు. పంచమం మీద ఆగండి, దానికి అటూ ఇటూ ఆనుకుని ఉన్న రెండు స్వరాలనూ తాకి వెనక్కి రండి. డి షార్ప్ మీద నిలబడి చూడండి, ఉండలేరు, పైకి లాగుతుంది. ఎఫ్ మీద నిలబడండి, కిందికి లాగుతుంది. రెండు లాగుళ్లూ ఒకే చోటికి. ఆ లాగుడు చెవికి తెలిసేదాకా మిగతా స్కేలు జోలికి పోవద్దు. తెలిశాక ఖాళీ దాటి వెళ్లండి. ఎనిమిది నుంచి పదకొండుకు వెళ్లేటప్పుడు ఆ దూరాన్ని వినండి. తొందరపడి దూకేస్తే, ఖాళీ ఖాళీలా వినబడదు, తప్పిపోయిన స్వరంలా వినబడుతుంది.

సంగీతం నేర్చుకున్నవాళ్లకు మరో ఆనందం ఉంది. ఇప్పుడు ఆరో తీగ, లావు తీగ తీసుకోండి. అది ఇ స్వరమే, అంటే ఇందాకటి పంచమమే. అవే ఏడు స్వరాలను ఈ తీగ మీద ఇ నుంచి వాయిస్తాను: ఓపెన్, 1, 4, 5, 7, 8, 11, 12. (వాయించారు. సభలో కొందరు గొంతు కలిపారు.) గుర్తుపట్టారు! మాయామాళవగౌళ. సరళీ వరుసలు నేర్చుకున్న ప్రతి పిల్లా ప్రతి పిల్లాడూ మొట్టమొదట పాడిన స్వరాలు. పురందరదాసు ఏర్పరచిన క్రమమని చెప్పుకునే ఆ తొలి పాఠాలు మన చెవుల్లో ఎంత లోతుగా ఉన్నాయో ఇప్పుడే చూశారు, నేను నాలుగు స్వరాలు వాయించేలోగా మీరే అందుకున్నారు. సింహేంద్రమధ్యమంలో పంచమాన్ని షడ్జం చేసుకుంటే మాయామాళవగౌళ వస్తుంది. గ్రహభేదం అంటారు. కాబట్టి మన దగ్గర సంగీతం నేర్చుకున్నవాళ్లెవరికీ ఈ స్కేలు కొత్తది కాదు. చిన్నప్పటి పాఠాన్నే ఇంకో గడప నుంచి వింటున్నారు. సరళీ వరుసలన్నీ ఇ నుంచి వాయిస్తూ, ఐదో తీగను ఓపెన్‌గా మోగనివ్వండి. కాసేపటికి షడ్జం ఇ నుంచి ఎ మీదికి జారిపోతుంది. ఆ జారడం నాకెప్పుడూ అద్భుతంగానే ఉంటుంది.

ఆరు తీగల బొమ్మ కూడా చెప్పేస్తాను, నోట్ చేసుకునేవాళ్లు చేసుకోండి. ఆరో తీగ మీద 5, 7, 8. ఐదో తీగ మీద 6, 7, 8. నాలుగో తీగ మీద 6, 7. మూడో తీగ మీద 4, 5. రెండో తీగ మీద 4, 5, 6. ఒకటో తీగ మీద 4, 5, 7, 8. చేయి పెద్దగా కదలనక్కర్లేదు. ఒక హెచ్చరిక: నాలుగో తీగ ఓపెన్ డి, మూడో తీగ ఓపెన్ జి, రెండూ ఈ స్కేలులో లేవు. మిగతా నాలుగు ఓపెన్ తీగలూ ఉన్నాయి. ఏమరుపాటున ఆ రెండు తీగలూ మోగితే డి షార్ప్, జి షార్ప్ రెండిటి పదునూ పోతుంది. కుడిచేతి అంచుతోనో ఎడమచేతి వేళ్లతోనో వాటిని నొక్కిపెట్టే అలవాటు మొదటి నుంచీ చేసుకోండి.

ఇప్పుడు కార్డులు, అంటే ఒకేసారి మోగించే స్వరాల కూర్పులు. ఇక్కడ ఒక్కదాన్నే తీసుకుంటాను, కానీ దగ్గరగా చూపిస్తాను. ఆరో తీగ మొదటి ఫ్రెట్టు, ఎఫ్. నాలుగో తీగ మొదటి ఫ్రెట్టు, డి షార్ప్. మూడో తీగ రెండో ఫ్రెట్టు, ఎ. రెండో తీగ మొదటి ఫ్రెట్టు, సి. ఐదో తీగనూ ఒకటో తీగనూ మోగనివ్వకండి. వినండి. (వాయించారు.) గిటార్ వాయించేవాళ్లు దీన్ని ఎఫ్ సెవెన్ అంటారు. ఇప్పుడు దీని నుంచి ఇ మేజర్‌కు వెళ్తున్నాను, ఒక్కో తీగనూ గమనించండి. ఆరో తీగ మీద ఎఫ్ ఒక ఫ్రెట్టు దిగి ఓపెన్ ఇ అయింది. మూడో తీగ మీద ఎ ఒక ఫ్రెట్టు దిగి జి షార్ప్ అయింది. రెండో తీగ మీద సి ఒక ఫ్రెట్టు దిగి ఓపెన్ బి అయింది. నాలుగో తీగ మీద డి షార్ప్ మాత్రం ఎదురు నడిచింది, ఒక ఫ్రెట్టు ఎక్కి ఇ అయింది. నాలుగు తీగలు, నాలుగూ ఒక్కొక్క ఫ్రెట్టే కదిలాయి. అందులో ఎఫ్, డి షార్ప్ రెండు వైపుల నుంచీ వచ్చి ఇ మీద కలిశాయి. ఇందాక ఒకే తీగ మీద ఏడు, ఆరు, ఎనిమిది అని వాయించినది ఇదే, ఇప్పుడు ఒకేసారి జరిగింది. అక్కడి నుంచి ఎ మైనర్‌కు వెళ్లండి. ఎఫ్ సెవెన్, ఇ, ఎ మైనర్. పాశ్చాత్య సంగీత శాస్త్రంలో మొదటి కార్డును జర్మన్ ఆగ్మెంటెడ్ సిక్స్త్ అంటారు. మొజార్ట్, బీథోవెన్ కాలం నుంచీ శాస్త్రీయ సంగీతంలో విరివిగా వాడారు.

బృందంలో వాయించేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఎ మైనర్ పాటల్లో తోటి గిటారిస్టు అలవాటుగా ఇ సెవెన్ పట్టుకుంటాడు. అందులో డి ఉంది. మీరు డి షార్ప్ వాయిస్తుంటారు. రెండూ ఢీకొంటాయి. సెవెన్ వదిలేసి వట్టి ఇ మేజర్ పట్టుకోమని ముందే చెప్పండి.

ఇంతసేపూ స్కేలు అంటున్నాను, రాగం అనడం లేదు. కావాలనే. సింహేంద్రమధ్యమం స్వరాల పట్టీ మాత్రమే కాదు, ఆ స్వరాలను ఎలా ఊపాలి, ఎక్కడ నిలపాలి, ఏ మలుపులో రాగం ముఖం కనబడుతుంది అన్నదంతా కలిస్తేనే రాగం. మైసూరు వాసుదేవాచార్యులు ఈ రాగంలో తెలుగులో చేసిన కీర్తన కచేరీల్లో ఎప్పటినుంచో మోగుతోంది. దాన్ని గొంతు మీద విని, తరువాత మీ గిటార్ మీద అవే స్వరాలు వాయించి చూడండి, తేడా ఎంతుందో మీకే తెలుస్తుంది. అలాగని పాశ్చాత్య వాద్యం మీద రాగం పలకదని కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్ మీద ఆ పని చేసి చూపించారు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకుని, ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించారు. ఫ్రెట్ల మీదే. గిటార్ మీద కూడా తీగను అడ్డంగా నెట్టి స్వరాన్ని పెంచవచ్చు, జారుడు వాయించవచ్చు. కానీ దానికి ముందు రాగం పాడగలగాలి. పాడలేని గమకాన్ని వేలు పలికించలేదు.

హంగేరీ బాణీకి కావలసిన అలంకారాలు వేరు. ఆ బృందాల్లో వయొలిన్ పక్కన సింబలోమ్ ఉంటుంది, మన సంతూర్ లాగా చిన్న కర్రలతో తీగల మీద కొట్టి వాయించే వాద్యం. 1874లో బుడాపెస్ట్‌లో యోజెఫ్ షుండా దాన్ని కాళ్లూ పెడలూ ఉన్న పెద్ద కచేరీ వాద్యంగా మలిచాడు. దాని మీద ఒకే స్వరాన్ని వేగంగా వరసగా కొట్టి సాగదీస్తారు. గిటార్ మీద పిక్‌తో, అంటే తీగ మీటే చిన్న బిళ్లతో, పైకీ కిందికీ వేగంగా వాయిస్తే ఆ ఛాయ వస్తుంది. ఎక్కడ వాయించాలో ఇప్పుడు మీకు వేరే చెప్పనక్కర్లేదు. (ఏడో ఫ్రెట్టు మీద వాయించారు.)

ఆ సంగీతంలో రెండు నడకలుంటాయి. మొదటిది లష్షూ, నిదానమైనది. తాళానికి కట్టుబడకుండా, వయొలిన్ విద్వాంసుడు తన ఇష్టం వచ్చినంతసేపు ఒక స్వరం మీద నిలబడతాడు. రెండోది ఫ్రిష్, వేగమైనది. లిస్ట్ రాప్సొడీల్లో కూడా చాలావాటికి ఈ రెండు భాగాల నిర్మాణమే ఉంది. సాధన కూడా అలాగే చేయండి. మొదటి సగం లయ కొట్టే మెట్రోనోమ్ ఆపేయండి. మూడో తీగ మీద 2, 4, 5, 8, 9, 10, 13, 14 ఫ్రెట్ల మీద మళ్లీ అవే స్వరాలు ఉన్నాయి. బొటనవేలితో ఐదో తీగను ఓపెన్‌గా మోగిస్తూ, మూడో తీగ మీద నిదానంగా తిరగండి. ప్రతి వాక్యాన్నీ తొమ్మిదో ఫ్రెట్టు మీద ముగించండి, అదే ఇక్కడ పంచమం. రెండో ఫ్రెట్టు మీదికి, అంటే ఎ మీదికి, ఒక్కసారే, అన్నిటికీ చివర రండి. రెండో సగం మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి, ఒక దెబ్బకు రెండు స్వరాల చొప్పున మొదలుపెట్టండి. ఖాళీలు దాటేటప్పుడు చేయి తడబడకపోతేనే వేగం పెంచండి.

గిటార్లు తీయండి. శ్రుతి చూసుకోండి. ఆ వరసలో కూర్చున్నవాళ్లు ఎఫ్ సెవెన్, ఇ, ఎ మైనర్ పట్టుకోండి, ఒక్కొక్కటి నాలుగు దెబ్బలు, ఎ మైనర్ ఎనిమిది. ఈ వరసవాళ్లు మూడో తీగ మీద నాతో రండి. గిటార్ లేనివాళ్లు పంచమం పట్టుకుని పాడుతూ ఉండండి.